డబ్బు ముందు, ఫలితం తర్వాత: వీడియో గేమ్‌కూ జూదానికీ మధ్య చెరిగిపోతున్న గీత

కౌంటర్‌స్ట్రైక్ అనే తుపాకుల వీడియో గేమ్‌లో కేసు అనే పెట్టె తెరిచే తీరును దగ్గరగా చూడాలి. ఆడుతుండగా దొరికినదో మార్కెట్లో కొన్నదో ఒక పెట్టె ఉంటుంది. దాన్ని తెరవడానికి తాళంచెవి విడిగా కొనాలి, ధర 2.49 డాలర్లు. నొక్కగానే తెర మీద తుపాకుల బొమ్మలు వరసకట్టి పరుగెత్తడం మొదలుపెడతాయి. టకటకమని చప్పుడు. వేగం మెల్లగా తగ్గుతుంది. నీలం, నీలం, ఊదా, నీలం... ఇంతలో బంగారు రంగు గడి ఒకటి మధ్యగీత దాకా వస్తుంది. ఆగినట్టే ఆగి జారిపోతుంది. పక్కనున్న నీలం గడి మీద వరస నిలిచిపోతుంది.

ఒక్క గడిలో తప్పిపోయిందనిపిస్తుంది. నిజానికి తప్పిపోయింది ఏదీ లేదు. మీట నొక్కిన క్షణంలోనే సర్వర్ ఫలితం తేల్చేసింది, ఆ తర్వాత నడిచిన కొన్ని సెకన్లూ ఉత్త ప్రదర్శన. సంక్రాంతి బరుల పక్కన సాగే గుండాటలో పాచిక దొర్లి ఎక్కడ ఆగితే అదే ఫలితం, దొర్లడానికీ గెలుపోటములకూ నిజమైన సంబంధం ఉంది. ఇక్కడ అదీ లేదు. "కొద్దిలో పోయింది" అన్న భావన కలిగించడానికే వరస పరుగెడుతుంది. స్లాట్ మెషీన్లు తయారుచేసేవాళ్లు ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్న కిటుకు ఇది. పోయిన ఆట పోయినట్టు కాక, గెలుపు దగ్గరపడినట్టు అనిపిస్తే చెయ్యి మళ్లీ మీట మీదికే వెళ్తుంది.

ఈ కేసుల్లో దేనికెంత అవకాశమో చాలాకాలం బయటికి రాలేదు. సంభావ్యతలు ప్రకటించి తీరాలని చైనా 2017లో నిబంధన పెట్టాక అంకెలు తెలిశాయి: నీలం 79.92 శాతం, ఊదా 15.98, గులాబీ 3.20, ఎరుపు 0.64, కత్తి లాంటి అరుదైనవి దొరికే, అందరూ ఆశపడే బంగారు రంగు 0.26. అంటే సగటున 385 కేసులకు ఒక కత్తి. తాళంచెవులకే దాదాపు 960 డాలర్లు. పైగా 385 తెరిస్తే ఒకటి వచ్చి తీరుతుందన్న భరోసా కూడా లేదు. అన్నీ తెరిచినా ఒక్కటీ రాకుండా పోయే అవకాశం 37 శాతం.

దీన్ని గేమ్ అనాలా, జూదం అనాలా?

మూడో కాలు ఎక్కడుంది

జూదానికి మూడు కాళ్లుంటాయని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. ఒకటి, విలువైనదేదో ముందుగా ఒడ్డాలి. రెండు, ఫలితం అదృష్టం మీద ఆధారపడాలి. మూడు, గెలిచినవాడికి విలువైన ప్రతిఫలం దక్కాలి. డబ్బు కట్టి, ఏముందో తెలియకుండా తెరిచే ఇలాంటి పెట్టెను లూట్ బాక్సు అంటారు. అందులో మొదటి రెండూ ఎవరూ కాదనలేనంత స్పష్టంగా ఉన్నాయి. కంపెనీలు నిలబడేదంతా మూడో కాలు లేదన్న వాదన మీదే. గెలుచుకున్నది ఒక రంగు, ఒక బొమ్మ, ఒక పాత్ర. దాన్ని నగదుగా మార్చుకునే దారి మేం ఇవ్వడం లేదు కాబట్టి ఇది జూదం కాదంటాయి.

కాగితం మీద ఆ మాట నిజమే. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణపు మార్కెట్లో స్కిన్ (ఆయుధానికి తొడిగే రంగుల ముస్తాబు) అమ్మితే కౌంటర్‌స్ట్రైక్ వస్తువుల మీద 15 శాతం కోత పోగా మిగిలినది స్టీమ్ వాలెట్లోనే పడుతుంది, బ్యాంకు ఖాతాకు రాదు. అయితే ఒక ఆటగాడి నుంచి ఇంకొకడికి వస్తువు బదిలీ చేసే సౌకర్యం ఉంది. ఆ ఒక్క సందు చాలు. బయటి సైట్లలో నగదు తీసుకుని ఆట లోపల వస్తువు బదిలీ చేస్తారు. ఆయుధాల స్కిన్లు 2013 ఆగస్టులో వచ్చాయి. రెండు మూడేళ్లు తిరక్కుండానే వాటిని చిప్పుల్లా ఒడ్డి బొమ్మా బొరుసూ, రూలెట్ ఆడించే సైట్లు పుట్టుకొచ్చాయి. 2016 జులైలో ఆట యజమాని వాల్వ్ ఇలాంటి సైట్లకు ఆపేయమని లేఖలు పంపింది. వాటిలో ఒక సైటును నడిపినవాళ్లే తమ యూట్యూబ్ ఛానళ్లలో అక్కడ ఆడి గెలుస్తున్నట్టు చూపించారు, అది తమదేనన్న సంగతి చూసేవాళ్లకు చెప్పలేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో వాళ్ల మీద చర్య తీసుకుంది. అక్కడ తేలిన తప్పు యాజమాన్యం దాచడమే. జూదం నడిపారా లేదా అన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది.

వస్తువుకు బయట ధర ఉందంటే అది పెరగడం, పడిపోవడం కూడా ఉంటుంది, ఆ తాడు కంపెనీ చేతిలోనే ఉంటుంది. 2025 అక్టోబరులో ఒక అప్‌డేట్ వచ్చింది. ఎరుపు స్థాయి స్కిన్లు అయిదిచ్చి కత్తి గానీ గ్లవ్స్ గానీ పుచ్చుకునే వీలు కల్పించింది. అరుదుగా దొరికేది ఒక్కసారి సులువైపోయింది. రాత్రికి రాత్రి కత్తుల ధరలు కుప్పకూలాయి, ఎరుపు స్కిన్ల ధరలు ఎగబాకాయి. వాటిని ఆస్తిగా భావించి కొనిపెట్టుకున్నవాళ్లు మొరపెట్టుకోవడానికి ఎవరూ లేరు. బంగారం కొట్టుకు ఉండే హాల్‌మార్కూ లేదు, షేర్ మార్కెట్‌కు ఉండే సెబీ కూడా లేదు.

బదిలీకి వీల్లేని ఆటల్లో మాత్రం ఈ సందు లేదా? ఉంది. అక్కడ వస్తువు బదులు మొత్తం ఐడీనే, అంటే ఆట ఖాతానే అమ్ముతారు. ఫలానా గన్ స్కిన్ ఉన్న ఐడీ ఇంతకని గ్రూపుల్లో బేరాలు నడుస్తుంటాయి. ఇందులో మోసం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలి. ఐడీ అమ్మినవాడి దగ్గర దాన్ని మొదట తెరిచినప్పటి ఈమెయిలూ పాత రశీదులూ ఉంటాయి. నెల తర్వాత "నా ఖాతా పోయింది" అని కంపెనీకి రాసి వెనక్కి లాక్కుంటాడు. ఐడీల అమ్మకం నిబంధనలకు విరుద్ధం కాబట్టి కొన్నవాడి ఫిర్యాదు ఎవరూ వినరు. డబ్బూ పోతుంది, ఐడీ కూడా పోతుంది.

కాబట్టి మూడో కాలు లేదన్న వాదన కంపెనీ గేటు లోపల వరకే నిజం. గేటు బయట ధర ఉంది, కొనేవాడున్నాడు, అమ్మేవాడున్నాడు. అయితే బయట అమ్ముడుపోయే వీలు బొత్తిగా లేకపోయినా సమస్య తీరిపోదు. ఎందుకంటే నష్టం పుట్టేది మొదటి రెండు కాళ్ల దగ్గరే. డబ్బు ముందు కట్టి, ఏం వస్తుందో తర్వాత తెలుసుకోవడం దగ్గరే.

పిటీ అనే మెట్టు, చివరి ముక్క అనే గుంట

జపాన్‌లో బొమ్మలిచ్చే నాణేల యంత్రాన్ని గచాపోన్ అంటారు. డబ్బు కట్టి ఏదొస్తే అది తీసుకునే గేమ్ పద్ధతికి గచా అన్న పేరు అందులోంచే వచ్చింది. 2012లో అక్కడ కంప్లీట్ గచా అనే రకం పెద్ద గొడవ రేపింది. కొన్ని బొమ్మలు పూర్తి సెట్టుగా చేరితేనే అసలు బహుమతి. లెక్క వేసి చూస్తే ఇందులోని కిటుకు బయటపడుతుంది. సమాన అవకాశమున్న ఆరు బొమ్మల సెట్టు పూర్తి కావడానికి సగటున 14.7 సార్లు తీయాలి. మొదటి బొమ్మకు ఒక్కసారి చాలు. చివరి బొమ్మ ఒక్కదానికే సగటున 6 సార్లు పడుతుంది. అయిదు చేతికొచ్చాక ఆగడం ఎంత కష్టమో బబుల్‌గమ్ కాగితాల్లో క్రికెటర్ల కార్డులు పోగుచేసిన తరానికి ఒకరు చెప్పక్కర్లేదు. జపాన్ వినియోగదారుల సంస్థ ఆ ఏడాది మే నెలలో ఇది బహుమతుల చట్టానికి విరుద్ధమని తేల్చింది, కంపెనీలు ఆపేశాయి. మామూలు గచా మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు బాగా నడుస్తున్నది పిటీ పద్ధతి, అంటే ఇన్నిసార్లు తీశాక తప్పకుండా వస్తుందన్న హామీ. గెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆటను ఉదాహరణగా తీసుకుందాం. అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం ఒక్కో లాగుడుకు, అంటే ఒక్కసారి తీసినదానికి 0.6 శాతం. 90వ లాగుడుకు తప్పకుండా వస్తుంది. ఆ హామీని కూడా కలిపితే సగటు 1.6 శాతం. అయితే వచ్చే పాత్ర కోరుకున్నదే అయ్యే అవకాశం సుమారు సగమే. వేరేది వస్తే ఆ తర్వాతిది మాత్రం ఖాయం. అంటే దురదృష్టం వెంటాడితే 180 సార్లు లాగాలి. సగటున 90కి అటూ ఇటూ.

ఇక డబ్బు లెక్క. వంద డాలర్ల ప్యాకులో ఆటలో చెల్లే 6,480 స్ఫటికాలు, పైన 1,600 బోనస్, మొత్తం 8,080. ఒక్కో లాగుడుకు 160. అలా 50 లాగుళ్లు పోగా 80 మిగులుతాయి, ఒక లాగుడుకు సరిగ్గా సగం. ఒక డాలరు ప్యాకుకు 60 వస్తాయి. మూడు కొంటే 180, ఒకసారి లాగాక 20 మిగులు. ఎంత కొన్నా అడుగున కొంచెం మిగిలేలా అంకెలు పేర్చి ఉంటాయి. ఆ మిగులు వృథా పోకూడదని ఇంకొంచెం కొంటారు. డబ్బు ముందు స్ఫటికాలవుతుంది, స్ఫటికాలు రత్నాలవుతాయి, రత్నాలతో టోకెన్ కొంటారు, టోకెన్‌తో లాగుతారు. మూడు మార్పిళ్లు దాటేసరికి ఒక లాగుడు ఇంచుమించు రెండు డాలర్లన్న సంగతి మనసులోంచి జారిపోతుంది. లాగుళ్లు 180 అయితే నాలుగు పెద్ద ప్యాకులు, 400 డాలర్లు. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ఆట కంపెనీతో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నప్పుడు ఈ గజిబిజి మార్పిళ్లను ప్రత్యేకంగా ఎత్తిచూపింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్లలోపు పిల్లలకు లూట్ బాక్సులు అమ్మకూడదని షరతు కూడా పెట్టింది.

పిటీ ఆటగాడికి మేలు చేస్తుందని చాలామంది అంటారు. ఖర్చుకు ఒక పైకప్పు ఉన్నమాట నిజమే. కానీ అది ఇంకో పని కూడా చేస్తుంది. 70 లాగుళ్లయ్యాక ఆగితే ఆ డెబ్బై బూడిదలో పోసిన పన్నీరేనన్న భయం పుడుతుంది. మామూలు జూదంలో పోయిన డబ్బు వెనక్కి రాబట్టాలన్న ఆశ భ్రమ. ఇక్కడ ఆ ఆశకు గణితమే మద్దతిస్తుంది కాబట్టి ఆగడం మరింత కష్టం. ఆ పాత్ర దొరికేదీ రెండు మూడు వారాల గడువులోనే. మిగులు, గడువు, మెట్టు ఈ మూడూ ఒకేసారి తోస్తాయి.

సంభావ్యత ప్రకటిస్తే చాలదా? ప్రకటన అబద్ధమైతే చాలదు. మేపుల్ స్టోరీ ఆటలో ఆయుధాల గుణాలను మార్చే క్యూబులు డబ్బుకు అమ్మేవారు. అవకాశాలను తగ్గించి ఆ మాట చెప్పలేదనీ, కొన్ని కోరదగ్గ కలయికలకు సంభావ్యతను ఏకంగా సున్నా చేశారనీ దక్షిణ కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ తేల్చి, 2024 జనవరిలో ఆ ఆట కంపెనీ నెక్సాన్‌కు 1,160 కోట్ల వోన్ల జరిమానా వేసింది. ఎన్నిసార్లు తీసినా రానిదాని కోసం మనుషులు ఏళ్ల తరబడి డబ్బు పోశారు. అదే ఏడాది మార్చి నుంచి అక్కడ సంభావ్యతల ప్రకటన చట్టబద్ధమైంది. ప్రకటన నిజమే అయినా అర్థం కావడం వేరే సంగతి. ఒక శాతం అంటే వందకు ఒకటి ఖాయమని చాలామంది అనుకుంటారు. పిటీ లేని ఆటలో వందసార్లు తీస్తే కనీసం ఒకటి వచ్చే అవకాశం 63 శాతమే. 90 శాతం నమ్మకం కావాలంటే 230 సార్లు తీయాలి.

గీత గీసిన దేశాలు

బెల్జియం 2018లో ఫిఫా, ఓవర్‌వాచ్, కౌంటర్‌స్ట్రైక్ గేమ్‌ల లూట్ బాక్సులు జూదమేనని తేల్చింది. వచ్చే వస్తువును అమ్ముకోవచ్చా లేదా అన్నది దానికి ముఖ్యం కాలేదు. డబ్బు కట్టి అదృష్టం పరీక్షించుకోవడమే సరిపోయింది. లూట్ బాక్సు ప్యాకులు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం 2019 జనవరిలో అక్కడ ఆగింది. కానీ 2022లో ఎక్కువ ఆదాయం తెచ్చే 100 ఐఫోన్ గేమ్‌లను అక్కడే పరిశీలిస్తే 82లో లూట్ బాక్సులు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. చట్టం పుస్తకంలో ఉంది, దాన్ని అమలుచేసే చేతులే చాలలేదు.

నెదర్లాండ్స్‌లో కథ ఇంకోలా నడిచింది. ఫిఫా గేమ్ తయారుచేసిన ఈఏ కంపెనీ మీద కోటి యూరోల జరిమానా పడింది. 2022 మార్చిలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ప్యాకులు తెరవడం విడి ఆట కాదనీ, నైపుణ్యంతో ఆడే పెద్ద ఫుట్‌బాల్ గేమ్‌లో అదొక భాగమనీ కారణం చెప్పింది. ఈ తర్కం ఒప్పుకుంటే ఏ లాటరీనైనా ఒక నైపుణ్యపు ఆట లోపల పెట్టి కాపాడుకోవచ్చు. ఆస్ట్రేలియా నిషేధం జోలికి పోకుండా వయసు రేటింగ్ పట్టుకుంది. 2024 సెప్టెంబరు 22 తర్వాత రేటింగ్ తీసుకునే గేమ్‌లలో డబ్బుకు అమ్మే లూట్ బాక్సులుంటే కనీసం ఎం రేటింగ్, అంటే 15 ఏళ్లలోపు వారికి తగదన్న సూచన. క్యాసినోను అనుకరించే ఆటలకు 18 నిండాలి.

లూట్ బాక్సుల మీద ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లలో జూద సమస్య కూడా ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధకులు డేవిడ్ జెండిల్, పాల్ కెయిర్న్స్ 2018లో చూపారు. తర్వాతి పరిశోధనలూ అదే చెప్పాయి. లూట్ బాక్సు మనిషిని జూదం వైపు నడిపిస్తోందా, జూదపు లక్షణమున్న మనిషే లూట్ బాక్సు వైపు వస్తున్నాడా అన్నది ఈ లెక్కలతో తేలదు. రెండింటిలో ఏది నిజమైనా అమ్మేవాడికి ఎక్కువ రాబడి తెచ్చేది సమస్యలో ఉన్న మనిషే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో జూద వ్యసనం 6సి50, గేమింగ్ వ్యసనం 6సి51. పక్కపక్క గదులు.

సికింద్రాబాద్ క్లబ్బు నుంచి 2025 చట్టం దాకా

మన దేశంలో ఈ చర్చంతా నైపుణ్యమా అదృష్టమా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ అరవై ఏళ్లు తిరిగింది. దానికి మూలం తెలుగు నేల మీదే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలనీ కోర్టు చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తర్వాత వల్లించింది ఈ వాక్యాలనే. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట నుంచి నిర్వాహకుడు లాభం గుంజుతున్నట్టు రుజువైతే అది నేరం కావచ్చని. ఆ రెండో మాటను వల్లించినవాళ్లు తక్కువ. ప్రతి చేతి మీదా కమీషన్ కోసుకునే యాప్‌కు సూటిగా తగిలేది అదే.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, నైపుణ్యం పేరుతో ఉన్న మినహాయింపును ఆన్‌లైన్ డబ్బాటలకు తీసేశాయి. ఆచరణలో ఫోన్ లొకేషన్ మార్చే యాప్‌లు వేసుకుని చాలామంది ఆడారు. ఇబ్బంది గెలిచాక మొదలయ్యేది. డబ్బు తీసుకోవాలంటే ఆధార్ ఇవ్వాలి, ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటుంది, అంతటితో విత్‌డ్రా ఆగిపోతుంది. ఓడిన డబ్బుకు మాత్రం ఏ చిరునామా అడ్డు వచ్చేది కాదు.

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. ఆ చట్టం పాత ప్రశ్ననే వదిలేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆడేది ఆన్‌లైన్ మనీ గేమ్, అది నిషిద్ధం. నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవారికి ఇందులో శిక్ష లేదు. పేరున్న రమ్మీ, ఫాంటసీ యాప్‌లు రోజుల్లోనే డబ్బు పోటీలు ఆపేశాయి. చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి.

చట్టంలో లూట్ బాక్స్ అన్న మాట లేదు. కానీ పందెం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా వెడల్పు. డబ్బుతో నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ కొన్న క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు, వస్తువులు, అవి నిజమైనవైనా వర్చువల్ అయినా అన్నీ అందులోకి వస్తాయి. వినోదం కోసం ఆడే సోషల్ గేమ్‌లకు చందా లేదా ప్రవేశ రుసుము వసూలు చేసుకునే వీలుంది, అది పందెం కాకూడదు. డబ్బిచ్చి తీసే యాదృచ్ఛిక పెట్టె చందా కాదు, ప్రవేశ రుసుమూ కాదు. అందులో వచ్చినది బయట అమ్ముడుపోతుంటే దాన్ని ధనలాభం కాదనడం కష్టం. అమ్ముడుపోకపోతే మాత్రం చట్టం చెయ్యి అందదు. పిల్లలు ఎక్కువగా డబ్బు పోసేది సరిగ్గా ఆ ఖాళీలోనే. ఆ ఖాళీని నిబంధనలతో పూడ్చాలి. మొబైల్ గేమ్‌ల వరకు రూపాయల్లో ధర రాయడం, ఒక్కో లాగుడు పక్కనే సంభావ్యత చూపడం, 18 లోపు వయసువాళ్లకు యాదృచ్ఛిక పెట్టెలు అమ్మకపోవడం, ఈ మూడూ రేపే చేయగలిగినవి.

గేమ్ వేషం కట్టిన జూదం

ఇదంతా గేమ్ జూదం వైపు నడిచిన దారి. ఎదురుదారిన జూదం గేమ్ వేషంలో వస్తోంది. కలర్ ప్రిడిక్షన్ యాప్‌లు అందులో బాగా పాకినవి. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. నిమిషానికో రౌండు, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. మామూలుగా కనిపించే నియమాలు ఇలా ఉంటాయి. 0 నుంచి 9 వరకు ఒక అంకె వస్తుంది. 2, 4, 6, 8 వస్తే ఎరుపుకు రెట్టింపు. 0 వస్తే ఎరుపుకు ఒకటిన్నర రెట్లు. కట్టిన డబ్బులో 2 శాతం ముందే కోత. వంద కడితే లెక్కలోకి వచ్చేది 98. సగటున వెనక్కి వచ్చేది 93 రూపాయల 10 పైసలు. దాదాపు ఏడు రూపాయలు పోతే ఎవరూ బెదరరు. కానీ గంటకు 60 రౌండ్లు. వంద చొప్పున ఆడితే గంటకు సగటున 414 రూపాయలు.

అంకె నిజాయితీగా వస్తేనే ఈ లెక్క. సర్వర్ నిర్వాహకుడిది, తనిఖీ చేసేవాడు లేడు. ఏ రంగు మీద తక్కువ డబ్బు పడిందో చూసి దాన్నే గెలిపించడానికి అడ్డేమీ లేదు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో "సిగ్నల్స్" ఇచ్చేవాళ్లు ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెట్టమంటారు. 100, 200, 400, 800, 1,600, 3,200, 6,400. ఏడుసార్లు వరసగా పోతే 12,700 మునిగినట్టు, ఎనిమిదో పందేనికి ఇంకో 12,800 కావాలి. ఏడు వరసగా పోవడం 128లో ఒక వంతే కదా అంటారు. అది ఏదో ఒక చోట మొదలయ్యే వరసకు లెక్క. నిమిషానికో రౌండు చొప్పున మూడు గంటలు కూర్చుంటే మధ్యలో ఎక్కడో అలాంటి వరస తగిలే అవకాశం దాదాపు సగం. రెండు రోజులు చిన్న చిన్న లాభాలు, మూడో రోజు ఇంటి అద్దె మొత్తం ఊడ్చుకుపోవడం అందుకే జరుగుతుంది.

గెలిచినా గండమే. డిపాజిట్ తీసుకునే యూపీఐ ఐడీ రోజుకొకటి మారుతుంటుంది, ఎందుకంటే అవి అద్దెకు తెచ్చిన ఖాతాలు. విత్‌డ్రా డబ్బు కూడా అలాంటి ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతా మీద ఏ రాష్ట్రంలోనైనా సైబర్ ఫిర్యాదు ఉంటే, డబ్బు చేరిన ఖాతాలన్నిటినీ పోలీసులు వరసగా ఫ్రీజ్ చేయిస్తారు. వెయ్యి రూపాయలు గెలిచినవాడి జీతం ఖాతా స్తంభించిపోతుంది, ఎక్కడో దూరపు స్టేషన్‌కు ఉత్తరాలు రాసుకోవాల్సి వస్తుంది. "ముందు ట్యాక్స్ కడితే విత్‌డ్రా వదులుతాం" అంటే ఇంకొక్క రూపాయి కూడా కట్టకూడదు. ఆదాయపు పన్నును యాప్ వాడి యూపీఐకి కట్టించుకునే పద్ధతి ఎక్కడా లేదు.

ఇంట్లో ఫోన్ దగ్గర

ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్‌ను ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టాలి. బడ్జెట్ అన్న మీట కూడా కనిపిస్తుంది, కానీ అది హెచ్చరిస్తుందే తప్ప ఆపదు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి ఇన్-యాప్ పర్చేజెస్‌ను ఆపేయవచ్చు, స్క్రీన్ టైమ్‌కు పెట్టే పాస్‌కోడ్ ఫోన్ తెరిచే పాస్‌కోడ్ ఒకటే కాకూడదు.

ఇంత చేసినా రెండు దారులు తెరిచే ఉంటాయి. ఒకటి, ప్లేయర్ ఐడీ ఇస్తే చాలు, బయటి సైటో తెలిసిన ఏజెంటో టాప్‌అప్ చేసేస్తాడు. డబ్బు యూపీఐలో వెళ్తుంది, ప్లే స్టోర్‌కు తెలియనే తెలియదు. రెండు, గిఫ్ట్ కోడ్లు. అందుకని ప్లే స్టోర్ ఆర్డర్ హిస్టరీ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు, యూపీఐ యాప్ చరిత్ర కూడా చూడాలి. యూపీఐ లైట్ ఆన్‌లో ఉంటే వెయ్యి రూపాయల లోపు చెల్లింపులకు పిన్ అడగదు. అవి బ్యాంకు పాస్‌బుక్‌లో విడివిడిగా కనిపించవు, లైట్‌లోకి డబ్బు నింపిన ఒక్క వరసే కనిపిస్తుంది. పిల్లల చేతికి వెళ్లే ఫోన్‌లో దాన్ని తీసేయడం మంచిది. ఆటోపే మాండేట్ల పేజీ కూడా ఒకసారి తెరిచి చూడాలి.

పిల్లవాడు తెలియక కొన్నాడని తేలితే 48 గంటల్లోగా గూగుల్ ప్లే రిఫండ్ పేజీలో అడగాలి, ఆ తర్వాత గేమ్ కంపెనీ దయ మీద ఆధారపడాలి. ఎవరు కొన్నారో తెలియని చెల్లింపులను 120 రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. మోసపు యాప్‌కు డబ్బు వెళ్లి ఉంటే మొదటి గంటల్లోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, లావాదేవీ నంబరు, తేదీ, వెళ్లిన యూపీఐ ఐడీ చేతిలో ఉంచుకుని.

చరిత్రలో వెతకాల్సింది ఒక పెద్ద మొత్తం కాదు. రాత్రి పదకొండు తర్వాత, ఒకే చిన్న మొత్తం, అయిదారు నిమిషాల తేడాతో నాలుగైదుసార్లు వెళ్లిందా అని చూడాలి. పెట్టె తీసి, రాక, మళ్లీ తీసినప్పుడు పడే అడుగుజాడ అలాగే ఉంటుంది. అది కనిపించిన రోజున "ఎంత తగలేశావు" అని మొదలుపెడితే పిల్లలు అంకె దాచేస్తారు. "ఏది రావాలని తీశావు, ఎన్నిసార్లు తీశావు" అని అడిగితే లెక్క వాళ్లే చెబుతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు, రాత్రయినా ఎత్తుతారు.